ఒకే ఫిఫ్టీ, ఒకే 1.8.. ఒకటి 160 గ్రాములు, ఇంకొకటి 415 గ్రాములు ఎందుకు?

క్లుప్తంగా: మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు వచ్చే చిన్న స్టాండర్డ్ ప్రైమ్ లెన్సులు (జూమ్ లేనివి, వాటిలో 50 ఎంఎం లెన్స్‌నే ఫిఫ్టీ అంటారు) పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. లెన్స్ చిన్నదిగా, చవగ్గా రావాలంటే కంపెనీ ఎక్కడో ఒకచోట తగ్గించుకోక తప్పదు. వెలుతురులో తగ్గించవచ్చు, లోపలి గాజులో తగ్గించవచ్చు, ఫోకస్ మోటారులోనో తయారీ గట్టిదనంలోనో తగ్గించవచ్చు. ఏ లెన్స్‌లో ఎక్కడ తగ్గించారో తెలిస్తే అది కల్యాణ మండపానికి సరిపోతుందా, గంగమ్మ జాతరకు సరిపోతుందా, వీడియోకి సరిపోతుందా అన్నది తేలుతుంది. పెట్టె మీద రాసే రెండు అంకెలను బట్టి ఆ సంగతి తెలియదు. వాటిలో ఎంఎం అంకె ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ ఫ్రేమ్ ఇరుకవుతుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది.

కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ బరువు 160 గ్రాములు. నికాన్ జెడ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్ బరువు 415 గ్రాములు. రెండూ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరాల కోసం చేసినవే, రెండింటి మీదా ఉన్న అంకెలు అవే. ధరలో మాత్రం పొంతనే లేదు. సోనీ దగ్గరికి వస్తే చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. 2016లో వచ్చిన ఎఫ్ఈ 50 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 186 గ్రాములు. 2021లో అదే కంపెనీ తెచ్చిన 50 ఎంఎం ఎఫ్ 2.5 జీ బరువు 174 గ్రాములు. కొత్తది పాతదానిలో సగం వెలుతురే తీసుకుంటుంది, ధర మాత్రం పాతదానికన్నా బాగా ఎక్కువ. వెలుతురు తక్కువ, డబ్బులు ఎక్కువ. ఇదెక్కడి లెక్క అని కొనేవాళ్లు అడగడంలో తప్పేమీ లేదు.

తిరుపతిలో ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. తిరుమల, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం చుట్టూ పెళ్లిళ్లు పెద్ద సంఖ్యలో జరుగుతాయి. ఫొటోలు, వీడియోలు తీసి బతికే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. సోనీ 2013లో, కెనాన్, నికాన్ 2018లో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి వచ్చాక పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) బాడీలను మార్చుకుంటున్నవాళ్లు బాడీతో పాటు ముందుగా చూసేది ఒక చిన్న ఫిఫ్టీనే. డబ్బు కొద్దిగానే మిగిలిన ఆ సమయంలో తప్పు లెన్స్ కొంటే ఒక సీజనంతా దానితోనే నెట్టుకురావాలి.

28 ఎంఎం ద్వారం, మిగిలిన బరువు

50ని 1.8తో భాగిస్తే 27.8 వస్తుంది. లెన్స్‌ను పూర్తిగా తెరిచి ముందునుంచి చూస్తే కనిపించే వెలుతురు ద్వారం సుమారు 28 ఎంఎం వెడల్పు ఉండాలని దీని అర్థం. ఏ కంపెనీ అయినా ఈ లెక్క తప్పించుకోలేదు. 50 ఎంఎం ఎఫ్ 1.2 అయితే ఆ ద్వారం దాదాపు 42 ఎంఎం. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.2 ఎల్ 950 గ్రాములు, నికాన్ ఎఫ్ 1.2 ఎస్ 1,090 గ్రాములు తూగడానికి మొదటి కారణం ఇదే. అటువైపు 50 ఎంఎం ఎఫ్ 2.5కీ 40 ఎంఎం ఎఫ్ 2కీ ద్వారం 20 ఎంఎం చాలు. సోనీ 50 ఎఫ్ 2.5 జీ 174 గ్రాములు, నికాన్ జెడ్ 40 ఎంఎం ఎఫ్ 2 170 గ్రాములు. రెండూ దాదాపు ఒకే బరువు దగ్గర ఆగాయి.

అయితే మొదట చెప్పిన కెనాన్, నికాన్ ఫిఫ్టీలు రెండింటికీ 28 ఎంఎం ద్వారమే కదా. మిగిలిన 255 గ్రాములు ఎక్కడివి? లోపలి గాజుముక్కలవి, వాటిని పట్టి ఉంచే గొట్టానివి. కెనాన్‌లో 5 గ్రూపుల్లో 6 ఎలిమెంట్లు (గాజుముక్కలు) ఉన్నాయి. ఈ పద్ధతి చాలా పాతది. 1896లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ పేరుతో చేసిన లెన్స్ దీనికి మూలం. ద్వారానికి అటూ ఇటూ దాదాపు ఒకే తీరున గాజులు పేర్చడం వల్ల చాలా దోషాలు వాటంతట అవే రద్దయిపోతాయి. అందుకే నూరేళ్లు దాటినా చవక ఫిఫ్టీలు చాలావరకు ఆ వంశంలోనే పుడుతున్నాయి. నికాన్ ఎస్ లెన్స్‌లో 9 గ్రూపుల్లో 12 ఎలిమెంట్లు, అందులో రెండు ఈడీ గాజువి (రంగులు చెదరకుండా చూసే ప్రత్యేక గాజు), రెండు ఆస్ఫెరికల్‌వి (మామూలు గోళాకారపు వంపు లేనివి). సరిగ్గా రెట్టింపు గాజు.

ఆ రెట్టింపు గాజు చేసే పని పెళ్లి ఫొటోలో కంటికి కనిపిస్తుంది. పెళ్లికూతురి కంటి మీద ఫోకస్ పెట్టి ఎఫ్ 1.8లో తీసిన ఫొటోను కంప్యూటర్‌లో 100 శాతం పెద్దది చేసి, పట్టుచీర జరీ అంచు మీదుగా మెల్లగా చూస్తూ వెళ్లాలి. సాదా 6 ఎలిమెంట్ల లెన్స్ అయితే ఫోకస్‌కు ముందున్న జరీ పోగుల చుట్టూ ఊదా ఛాయ, వెనకున్న పోగుల చుట్టూ ఆకుపచ్చ ఛాయ కనిపిస్తాయి. వడ్డాణం మీది రాళ్లు, వెండి పళ్లెం అంచు, పెళ్లికొడుకు తెల్ల పంచె మడత కూడా ఇలాగే రంగు పట్టుకుంటాయి. వేర్వేరు రంగుల వెలుతురు ఒకే లోతులో కలవకపోవడం వల్ల వచ్చే దోషమిది. ఈడీ గాజు దాన్ని బాగా అణిచేస్తుంది. ఎఫ్ 2.8కి తగ్గించినా చాలావరకు పోతుంది. ఇది సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా దిద్దడానికి లొంగని దోషం. ఊదా రంగు తీయబోతే చీరలో నిజంగా ఉన్న ఊదా కూడా పోతుంది. బంగారం, జరీ, రాళ్లు నిండిన మన పెళ్లిళ్లలో ఈ ఒక్క అంశానికి లెన్స్ పరీక్షల్లో ఇచ్చే ప్రాధాన్యం కన్నా ఎక్కువ ఇవ్వాలి.

అద్దం పోయింది, ఫిఫ్టీ చిన్నదవలేదు

కెమెరాలోంచి అద్దం తీసేశారు కాబట్టి లెన్సులన్నీ చిన్నవై ఉంటాయన్నది చాలామంది నమ్మే మాట. బాడీల విషయంలో అది నిజం. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో మౌంటుకూ (లెన్స్ బిగించే చోటు) సెన్సర్‌కూ మధ్య దూరం 44 ఎంఎం, నికాన్‌లో 46.5 ఎంఎం. మిర్రర్‌లెస్‌కు వచ్చేసరికి కెనాన్ ఆర్ఎఫ్‌లో అది 20 ఎంఎం, సోనీలో 18, నికాన్ జెడ్‌లో 16. ఆమేరకు బాడీ మందం తగ్గింది.

ఫిఫ్టీకి మాత్రం దీనివల్ల పెద్దగా లాభం రాలేదు. 2015లో డీఎస్ఎల్ఆర్‌ల కోసం వచ్చిన కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం బరువు కూడా 160 గ్రాములే. పొడవులో తేడా ఒక మిల్లీమీటరు పైచిలుకు, అది కూడా కొత్తదే పొడుగు. 50 ఎంఎం లెన్స్ అద్దం ఉన్నప్పుడు కూడా సులువుగా పని చేయగలిగేది కాబట్టి అద్దం అడ్డు తొలగడం దానికి కొత్తగా ఇచ్చిందేమీ లేదు. 35 ఎంఎం, 28 ఎంఎం, అంతకన్నా వైడ్ లెన్సులకు అయితే అద్దాన్ని తప్పించుకోవడానికి ముందు అదనపు గాజు పెట్టాల్సి వచ్చేది. ఆ బాధ తప్పింది వాటికి.

ఇందులో డీఎస్ఎల్ఆర్ నుంచి మారేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. పాత ఈఎఫ్ ఫిఫ్టీ చేతిలో ఉంటే, కెనాన్ అడాప్టర్ వేసి అదే లెన్స్‌ను కొత్త బాడీ మీద వాడుకోవచ్చు. ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. పెరిగేది 24 ఎంఎం పొడవు, అడాప్టర్ బరువు. ఫొటోలో తేడా స్వల్పమే. మొదటి సీజన్ గడిచేదాకా ఆ పాత లెన్స్‌నే ఉంచుకుని, మిగిలిన డబ్బును మంచి బ్యాటరీలకో ఇంకో కార్డుకో పెట్టడం తెలివైన పని.

సెన్సర్ మారితే మండపంలో అడుగులు మారతాయి

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు. మూల నుంచి మూలకు 43.3 ఎంఎం. లెన్స్ ఫోకల్ లెంగ్త్ ఈ కొలతకు దగ్గరగా ఉంటే దాన్ని స్టాండర్డ్ లెన్స్ అంటారు. 1925లో అమ్మకానికి వచ్చిన లైకా మీద 50 ఎంఎం లెన్స్ ఉండటంతో ఆ అంకె స్థిరపడిపోయింది. లెక్క ప్రకారం అసలు స్టాండర్డ్‌కు 40 ఎంఎం ఇంకా దగ్గర. నికాన్ 40 ఎఫ్ 2, సోనీ 40 ఎఫ్ 2.5 జీ, సిగ్మా 45 ఎఫ్ 2.8 లాంటివి ఈ కాలంలో మళ్లీ రావడం అందుకే వింతేమీ కాదు.

మొదటిసారి కెమెరా కొనేవాళ్లు ఎక్కువగా తీసుకునేవి ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న బాడీలు. వాటి సెన్సర్ వెడల్పు సుమారు 23.5 ఎంఎం, కెనాన్‌లో 22.3 ఎంఎం. దాని మీద ఫిఫ్టీ బిగిస్తే ఫుల్ ఫ్రేమ్‌లో 75 లేదా 80 ఎంఎం లెన్స్ చూపించినంత ఇరుకుగా కనిపిస్తుంది. అది పోర్ట్రెయిట్ లెన్స్ అవుతుంది, స్టాండర్డ్ లెన్స్ కాదు.

ఈ తేడాను మండపంలో అడుగులతో కొలవచ్చు. పీటల మీద వధూవరులు, అటూ ఇటూ ఇద్దరిద్దరు తల్లిదండ్రులు, మొత్తం ఆరుగురు. వాళ్లు పక్కపక్కన నిలబడితే సుమారు 3 మీటర్ల వెడల్పు. ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం లెన్స్‌తో వాళ్లందరూ పట్టాలంటే 4.2 మీటర్లు వెనక్కి రావాలి. 40 ఎంఎం అయితే 3.3 మీటర్లు చాలు. ఏపీఎస్-సీ మీద అదే ఫిఫ్టీతో 6.4 మీటర్లు వెనక్కి వెళ్లాలి. పీటల ఎదురుగా వీడియో ట్రైపాడ్, పక్కన లైటు స్టాండ్, తలంబ్రాల పళ్లేలు పట్టుకుని నిలబడ్డ బంధువులు, ముందువరసలో ఫోన్లు ఎత్తిన చేతులు. అంత ఖాళీ ఏ మండపంలోనూ దొరకదు. దొరికినా ఫొటో తీసేవాడికీ పెళ్లికీ మధ్య జనం నిండిపోతారు.

ఏపీఎస్-సీ వాళ్లకు నిజమైన స్టాండర్డ్ 30 నుంచి 35 ఎంఎం. ఫుజీ ఎక్స్ఎఫ్ 35 ఎఫ్ 2 170 గ్రాములు, సోనీ ఈ 35 ఎఫ్ 1.8 ఓఎస్ఎస్ 154 గ్రాములు. ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్‌కు 25 ఎంఎం సరిపోతుంది. పానసోనిక్ 25 ఎఫ్ 1.7 అయితే 125 గ్రాములే. "అందరూ ఫిఫ్టీ అంటున్నారు కదా" అని ఏపీఎస్-సీ బాడీకి ఫిఫ్టీ కొనడం ఈ మొత్తం వ్యవహారంలో జరిగే అతి సాధారణమైన పొరపాటు.

వెలుతురు ఎంత కావాలి?

కిట్ లెన్స్‌ను (కెమెరాతో పాటు వచ్చే జూమ్) చివరిదాకా జూమ్ చేస్తే సాధారణంగా ఎఫ్ 5.6 దగ్గర ఉంటుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు 10 రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. తెల్లవారుజాము ముహూర్తం, లైట్లు పూర్తిగా వేయని మండపం. అక్కడ ఎఫ్ 1.8తో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి, పెంచితే ఫొటో గరుకవుతుంది) 1600 సరిపోతే అదే షట్టర్ స్పీడ్‌కు ఎఫ్ 2.5తో 3200 దగ్గర పెట్టాలి, ఎఫ్ 5.6తో 16,000 దగ్గరికి పోవాలి. 1600కూ 16,000కూ తేడా ప్రింట్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. 1600కూ 3200కూ తేడా ఇప్పటి సెన్సర్ల మీద చాలా తక్కువ. కిట్ లెన్స్ నుంచి ప్రైమ్‌కు మారడం పెద్ద మలుపు. ఎఫ్ 2.5 నుంచి ఎఫ్ 1.8కి మారడం చిన్న మలుపు. ఆ చిన్న మలుపు కోసం మోటారునో జరీ అంచుల శుభ్రతనో వదులుకోవాలా అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం లెన్స్‌తో 1.5 మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 10 సెంటీమీటర్లు. ఎఫ్ 2.5లో 13 నుంచి 14, ఎఫ్ 4లో 21 నుంచి 22. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని పక్కనుంచి తీస్తే ఇద్దరి ముఖాలు ఒకే గీత మీద ఉండటం అరుదు. అడ్డుతెర తీయగానే ఒకరు ముందుకు వంగుతారు, ఇంకొకరు వెనక్కి. 10 సెంటీమీటర్ల లోతులో ఆమె కళ్లు స్పష్టంగా వస్తే అతని కళ్లు మసకబారతాయి. అనుభవం ఉన్న పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఆ క్షణానికి ఎఫ్ 2.8కో ఎఫ్ 4కో తగ్గించేది అందుకే. వాడే అపెర్చర్ (వెలుతురు ద్వారం) అదే అయినప్పుడు లెన్స్‌ను అంచనా వేయాల్సింది కూడా అక్కడే. ఎఫ్ 1.8 దగ్గర ఏ లెన్స్ గొప్పది అన్న పోటీ కన్నా ఎఫ్ 2.8 దగ్గర మూలలు ఎలా ఉన్నాయి అన్న పరీక్ష ఈ పనికి దగ్గర.

ఒక్కరే ఉన్న పోర్ట్రెయిట్‌కు, వెనక సీరియల్ లైట్లు గుండ్రటి మచ్చలుగా కరిగిపోవాలనుకునేవాళ్లకు మాత్రం ఎఫ్ 1.8 నిజంగా అవసరమే. 20 ఎంఎం ద్వారంతో వచ్చే బ్లర్, 28 ఎంఎం ద్వారంతో వచ్చే బ్లర్ ఒకటి కావు. అయితే చవక లెన్సుల్లో అచ్చుపోసిన ఆస్ఫెరికల్ ఎలిమెంట్ ఉంటే ఆ గుండ్రటి మచ్చల లోపల ఉల్లిపాయ పొరల్లాంటి గీతలు కనిపించవచ్చు. బొకే (వెనక కరిగిపోయే మసక) కోసమే కొనేవాళ్లు ఇది చూసుకోవాలి.

మూలల్లో సాఫ్ట్‌వేర్ చేసే పని

చిన్న లెన్స్ చేయడానికి కంపెనీలకు ఇప్పుడు ఇంకో దారి దొరికింది. గాజుతో దిద్దాల్సిన కొన్ని దోషాలను కెమెరాలోని సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పడం. గీతలు వంగడం, మూలలు నల్లబడటం ఈ రెండింటినీ ఇలా దిద్దడం సులువు. మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్‌లో కనిపించేది కూడా దిద్దిన చిత్రమే కాబట్టి వాడేవాళ్లకు తెలియదు.

దీన్ని మోసంగా చూడనక్కర్లేదు. లెన్స్ చిన్నది కావడానికి ఇది నిజాయితీగల మార్గమే, ఖర్చు ఎక్కడ పడుతుందో తెలిసినంతవరకు. ఒక లెన్స్ మూలల్లో రెండు స్టాపులు (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం) నల్లబడుతుందనుకుందాం. దాన్ని దిద్దాలంటే మూలల్లోని వెలుతురును 4 రెట్లు పెంచాలి. మధ్యలో ఐఎస్ఓ 3200లో తీసిన ఫొటోకు మూలలు 12,800లో తీసినట్టు గరుకుగా వస్తాయి. పగలు ఇది కనిపించదు. రాత్రి, జాతర వీధిలో, ఫ్రేమ్ మూలలో నిలబడ్డ మనిషి ముఖం మీద కనిపిస్తుంది. వంపు దిద్దేటప్పుడు మూలలను సాగదీస్తారు కాబట్టి అక్కడి వివరాలు కూడా కొద్దిగా పలచబడతాయి.

తక్కువ వెలుతురు కోసం ప్రైమ్ కొని, అదే తక్కువ వెలుతురులో మూలలు పోగొట్టుకోవడం కాస్త బాధాకరమైన బేరం. ముఖాలను మధ్యలో పెట్టుకుని తీసేవాళ్లకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. గ్రూపులు తీసేవాళ్లకు ఉంది.

తక్కువ వెలుతురుకు ఎక్కువ డబ్బు ఎందుకంటే..

మొదట్లో అడిగిన సోనీ ప్రశ్నకు జవాబు చాలావరకు మోటారులో ఉంది. సోనీ 50 ఎఫ్ 1.8లో పాత తరహా డీసీ మోటారు. ఫోకస్ కోసం లోపలి గొట్టం ముందుకూ వెనక్కూ కదులుతుంది, చప్పుడు వస్తుంది, మైకు పెట్టని వీడియోలో ఆ చప్పుడు రికార్డవుతుంది. ఎఫ్ 2.5 జీలో లీనియర్ మోటార్లు. చప్పుడు దాదాపు ఉండదు. మనిషి నడిచి వస్తుంటే ఫోకస్ వెంటే వస్తుంది. చేతికి అందేలా అపెర్చర్ రింగ్ ఉంది. దుమ్ము, తేమ లోపలికి పోకుండా బిగింపు ఉంది. అంటే ఒక స్టాప్ వెలుతురు వదులుకుని వీటన్నిటినీ అదే బరువులో ఇరికించారు.

ఫుజీ చరిత్రలో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో వచ్చిన ఎక్స్ఎఫ్ 35 ఎఫ్ 1.4 187 గ్రాములు. 2015లో వచ్చిన 35 ఎఫ్ 2 170 గ్రాములు. బరువులో తేడా 17 గ్రాములే. పాతదానిలో ఫోకస్ మారాలంటే గాజు సమూహం మొత్తం కదలాలి. కొత్తదానిలో లోపలున్న చిన్న భాగం మాత్రమే కదులుతుంది, అందుకే వేగం, నిశ్శబ్దం. వానకు తట్టుకునే బిగింపు కూడా కొత్తదానికే. పాతదాని ఫొటోల తీరును ఇష్టపడి ఇప్పటికీ దాన్నే వాడేవాళ్లు ఉన్నారు. అది కూడా సబబైన ఎంపికే, కదిలే మనుషులను తీయనంతవరకు.

తిరుపతి గంగమ్మ జాతరలో ఈ తేడా తేలిపోతుంది. మే నెల ఎండ. తాతయ్యగుంట గుడి వైపు సాగే ఇరుకు వీధుల్లో వేషధారులు గుంపులుగా నడుస్తుంటారు. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లసుద్ద. బండ వేషానికి కుంకుమ ఎరుపు. తోటి వేషానికి బొగ్గు నలుపు, చేతిలో వేప మండలు. కళ్లను గుర్తించి ఫోకస్ పెట్టే కెమెరాకు బొగ్గు పూసిన ముఖం మీద కాంట్రాస్ట్ దొరకదు. అప్పుడు మోటారు నెమ్మదిదైతే ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటుంది, ఆలోపు మనిషి దాటి పోతాడు. వేగమైన మోటారు ఉన్న లెన్స్ కూడా ఒక్కోసారి వెతుక్కుంటుంది కానీ వెంటనే తిరిగి వచ్చి పట్టుకుంటుంది. తెల్లసుద్ద మీద ఎండ పడ్డప్పుడు అవసరమయ్యేది ఎఫ్ 8, ఎఫ్ 11. ఆ పగలంతా ఎఫ్ 1.8కి పనే ఉండదు.

ఆ గుంపులో లెన్స్ చిన్నదిగా ఉండటం కూడా నిజమైన ఉపయోగమే. మోచేతులు తగలవు, ముందువాళ్ల భుజం మీదుగా ఒంటిచేత్తో ఎత్తవచ్చు, మెడమీద బరువు పడదు. శ్రీవారి ఆలయంలోకి కెమెరాలనూ ఫోన్లనూ అనుమతించరు కాబట్టి అక్కడికి తీసుకెళ్లడానికి చిన్న లెన్స్ అన్న ఆలోచనకు మాత్రం చోటు లేదు.

దగ్గరికి ఎంత వెళ్లగలదు?

చాలామంది అసలు చూడని అంకె ఇది. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది, అప్పుడు ఫ్రేమ్ వెడల్పులో 14 సెంటీమీటర్ల వస్తువు నిండుగా పడుతుంది. సోనీ ఎఫ్ 1.8 45 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది, ఫ్రేమ్‌లో 26 సెంటీమీటర్ల దాకా పడుతుంది. గోరింటాకు పెట్టిన అరచేయి కెనాన్‌లో నిండుగా వస్తుంది, సోనీలో మణికట్టు, గాజులు, పక్కనున్న చీర చెంగు కూడా వచ్చేస్తాయి. మంగళసూత్రం, ఉంగరాలు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద కలంతో గీసిన గీత లాంటివి తీయాలనుకునేవాళ్లకు ఇది పెద్ద తేడా. చవకైన కెనాన్ లెన్స్ ఈ ఒక్క విషయంలో తనకన్నా ఖరీదైనవాటికి దీటుగా నిలబడుతుంది.

కొనే ముందు చేయదగ్గ పరీక్ష

లెన్స్ ఎంత స్పష్టంగా చూపుతుందో చెప్పడానికి కంపెనీలు ఇచ్చే ఎంటీఎఫ్ గ్రాఫులు చాలావరకు డిజైన్ నుంచి లెక్కగట్టినవి, చేతికొచ్చిన లెన్స్‌ను కొలిచినవి కావు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి లెన్స్ ఒకేలా ఉండదు. లోపలి ఎలిమెంట్ ఒకటి కొద్దిగా పక్కకు జరిగితే ఫొటోలో ఒక వైపు స్పష్టంగా, ఇంకో వైపు మసకగా వస్తుంది. చవక లెన్సుల్లో దీనికి అవకాశం ఎక్కువ.

దీన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. గోవిందరాజస్వామి ఆలయం బయటి వీధిలో, ఏడంతస్తుల రాజగోపురం దూరంగా కనిపించే చోట నిలబడితే చాలు. గోపురం మీది ఒక బొమ్మను ఎంచుకుని ఫోకస్‌ను మాన్యువల్‌లో దాని మీద స్థిరం చేయాలి. తర్వాత కెమెరాను తిప్పుతూ అదే బొమ్మను ఫ్రేమ్ నాలుగు మూలల్లోనూ ఒక్కోసారి పెట్టి, ఎఫ్ 2.8లో నాలుగు ఫొటోలు తీయాలి. పెద్దవి చేసి చూసినప్పుడు బొమ్మ వేళ్లు, కిరీటం గీతలు నాలుగింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. నాలుగూ కొద్దిగా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. మూడు బాగుండి ఒకటి చెడితే అది ఆ ముక్కలో ఉన్న లోపం, మార్చి ఇవ్వమని అడగవచ్చు. పగలు, ఎండ స్థిరంగా ఉన్నప్పుడు చేయాలి.

సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్‌ను వెనకనుంచి కొట్టి ముందునుంచి ఓరగా చూడాలి. దుమ్ము కణాలు ప్రతి లెన్స్‌లోనూ ఉంటాయి, వాటితో ఫొటో పాడుకాదు. సాలెగూడులా పాకిన సన్నటి దారాలు కనిపిస్తే మాత్రం అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా తీసుకోకూడదు.

వాన, తేమ

తిరుపతికి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కపిలతీర్థం జలపాతం దూకేది అప్పుడే. గాలిలో తేలే తుంపర నిమిషాల్లో లెన్స్ ముందు గాజును కప్పేస్తుంది. ఈ కాలంలో బయట తీసేవాళ్లకు బిగింపు ఉన్న లెన్స్‌కు విలువ ఉంది, దానితోపాటు బాడీకి కూడా బిగింపు ఉంటేనే. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8కు బిగింపు లేదు, మౌంటు మాత్రం లోహానిది. నికాన్ 40 ఎఫ్ 2కు మౌంటు ప్లాస్టిక్‌ది. ప్లాస్టిక్ మౌంటు అనగానే భయపడేవాళ్లున్నారు. 170 గ్రాముల లెన్స్‌ను మోయడానికి అది చాలు. మౌంటు దగ్గర రబ్బరు రింగ్ లేకపోవడం దానికన్నా పట్టించుకోవాల్సిన విషయం.

ఫంగస్ మొలిచేది వానలో తీసినప్పుడు కాదు, తీశాక తడి బ్యాగులో మూసి పెట్టినప్పుడు. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఉంచి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెడితే చాలు. డబ్బాలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. హోమం పొగలో గంటలు గడిపిన లెన్స్‌కు కూడా ఇదే వైద్యం. పొగ జిడ్డు ముందు గాజు మీద పలచగా పేరుకుంటే ఎదురు లైట్లలో తీసిన ఫొటోలన్నీ తెల్లబారిపోతాయి. చాలామంది అది లెన్స్ లోపం అనుకుంటారు.

ఎవరికి ఏది

నికాన్ ఫుల్ ఫ్రేమ్ వాళ్లకు ఎంపిక స్పష్టంగా ఉంది. పెళ్లి పని ప్రధానమైతే 415 గ్రాముల 50 ఎఫ్ 1.8 ఎస్ బరువుకు తగిన ఫలితం ఇస్తుంది. జరీ అంచులు, మూలలు, ఎదురు లైట్లు అన్నింటిలో. ప్రయాణాలకు, జాతరలకు, ఇంట్లో పిల్లలకు 40 ఎఫ్ 2 చాలు. సోనీలో వీడియో తీసేవాళ్లు, కదిలే మనుషులను తీసేవాళ్లు ఎఫ్ 2.5 జీ వైపు వెళ్లడం సబబు. నిలబడి తీసే పోర్ట్రెయిట్లకే అయితే చవకైన ఎఫ్ 1.8 చాలు. కెనాన్‌లో ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 ధరకు అది ఇచ్చేది చాలా ఎక్కువ, ఎఫ్ 2.8 దాటాక దాని ఫొటోల్లో తప్పు పట్టడం కష్టం.

బయటి కంపెనీల లెన్సుల లభ్యత కూడా లెక్కలోకి తీసుకోవాలి. సోనీ, ఫుజీ మౌంట్లకు సిగ్మా, టామ్రాన్ వంటివాటి ఆటోఫోకస్ లెన్సులు చాలా దొరుకుతాయి. కెనాన్ 2024లో ఏపీఎస్-సీ లెన్సుల వరకు సిగ్మా, టామ్రాన్‌లకు దారి తెరిచింది. కెనాన్ ఏపీఎస్-సీ బాడీ ఉన్నవాళ్లకు ఇది నేరుగా కలిసొచ్చే మార్పు. సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 ఇప్పుడు వాళ్ల మౌంటుకూ దొరుకుతుంది. 80 ఎంఎంలా ఇరుకుగా కనిపించే ఫిఫ్టీతో సర్దుకోకుండా మండపంలో ఆరుగురినీ 4 మీటర్ల నుంచి పట్టించవచ్చు.